కారులో వచ్చిన పెద్దమనిషి

ఇంగ్లీషు టీచర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "సార్, జాతీయాలు ఎట్ల చెప్పాలె? పిల్లలకు ఎక్కుతలేవు" అని అడుగుతారు. జాతీయం చెప్పడం తేలికే, దానికి ఉదాహరణ ఇచ్చేటప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి అంటాను. నేనేదో చమత్కారం చేశాననుకుని నవ్వి వెళ్ళిపోతారు. చమత్కారం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మెదక్ పట్టణంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా బడి పై అంతస్తు వరండాలో ఒక చివర నిలబడితే చెట్ల మీదుగా చర్చి గోపురం కనిపిస్తుంది. రెండో చివర నిలబడితే ప్రహరీ గోడ, గోడ అవతల రేకుల షెడ్డు, అందులో కల్లు దుకాణం. నేను ఎప్పుడూ మొదటి చివరే నిలబడేవాణ్ణి.

ఆ దుకాణం తలుపు సరిగ్గా మా బడి గేటు వైపు ఉండేది. మధ్యాహ్నం నుంచే జనం చేరేవారు. పదో తరగతికి నేను కాలాలు చెబుతుంటే అవతల ఎవరో పాట అందుకునేవాడు. పిల్లలు కిసుక్కుమనేవారు. ఒకరోజు నాకు ఒళ్ళు మండి దుకాణం తీసేయించాలని దరఖాస్తు రాశాను. నేనే రాసి, నేనే మొదటి సంతకం పెట్టి, స్టాఫ్ రూములో అందరి చేతా పెట్టించాను. హెడ్మాస్టరు గారు అది చదివి, "జిల్లా నుంచి సార్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తడు గద, ఆయన చేతికే ఇద్దాం. ఆయన పైకి పంపిస్తే దుకాణం ఉండది" అన్నారు. దరఖాస్తు ఆయన బీరువాలోకి వెళ్ళింది.

ఆ దుకాణం నడిపే గౌడుతో నేను అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన బిడ్డ మా బడిలోనే తొమ్మిదో తరగతి, నా క్లాసే. అది కూడా నాకు పట్టలేదు.

*

ఇన్‌స్పెక్షన్‌కు కొన్ని వారాల ముందు మీటింగేదో ఉంటే నర్సాపూర్ వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే స్కూటరు మీద తిరిగి వస్తున్నాను. అడవి మధ్యలో రోడ్డు మీద కోతులు కూర్చుని ఉన్నాయి. హారన్ కొట్టాను. అన్నీ లేచాయి, ఒకటి మాత్రం సరిగ్గా నా ముందుకే దూకింది. బ్రేకు వేశాను. తర్వాత ఆకాశం కనిపించింది.

తల తిరుగుతోంది, కాలు కదలడం లేదు. ఒక బస్సు వెళ్ళింది. ఒక కారు వేగం తగ్గించి, అద్దం దించి, మళ్ళీ ఎక్కించి వెళ్ళిపోయింది. వాళ్ళను తప్పు పట్టను. ఆ రోడ్డు మీద నేను కూడా ఎన్నోసార్లు అలా అద్దం ఎక్కించిన మనిషినే, కాకపోతే నా బండికి అద్దం లేదు.

అప్పుడొక ట్రాలీ ఆటో ఆగింది. దిగిన మనిషిని చూసి కళ్ళు మూసుకున్నాను. గౌడు.

"సార్, నేనే. జర ఓర్చుకోండ్రి" అని నన్ను చంటిపిల్లాడిలా ఎత్తి, ట్రాలీలో కల్లు క్యాన్ల మధ్య పడుకోబెట్టాడు. స్కూటరును పక్కన చెట్టుకు ఆనించాడు. దారి పొడుగునా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా ఏదో ఒక క్యాను మూత ఎగిరి నా మీద నురగ కుమ్మరించేది. మెదక్ చేరేసరికి నా తెల్లచొక్కా పూర్తిగా తడిసింది. కల్లు దుకాణం తీసేయాలని దరఖాస్తు రాసిన మనిషి, కల్లులో స్నానం చేసి దవాఖాన మెట్లెక్కాడు. ఎక్కలేదు, గౌడు ఎక్కించాడు.

నన్ను బెంచీ మీద పడుకోబెట్టి, బండి మీద నుంచి పడ్డానని కంపౌండరుకు చెప్పి, "కల్లు పులుస్తది సార్, వొయ్యొస్త" అని గౌడు వెళ్ళిపోయాడు. నేను తల కూడా ఊపలేదు. కంపౌండరు దగ్గరికి వచ్చి, వాసన చూసి, పక్కనున్న నర్సుతో మెల్లగా అన్నాడు.

"పంతులు గట్టిగనే కొట్టిండు."

ఆ మాట నన్ను కాలి నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది. బెంచీ కింద నా చెప్పులు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయో అప్పుడు ఆలోచించలేదు.

ఇంతలో మా ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏడవబోయి, ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"పడి తాగిండ్రా, తాగి పడ్డరా?"

"తాగుడేంది? నేను పడ్డకాడ ఎవరో కల్లు పారవోసిండ్రు" అన్నాను.

"మరి ఇక్కడికి ఎవరు తోలుకొచ్చిండ్రు?"

అప్పుడు నోటికొచ్చిన మాట ఇది. "ఎవరో పెద్దమనిషి. కారులొచ్చిండు."

అంతే. ఆ పెద్దమనిషి అలా పుట్టాడు.

*

కాలు బాగై బడికి వెళ్ళేసరికి, సార్ తాగి పడ్డాడట అన్న మాట నాకంటే ముందే చేరింది. దాన్ని చంపడానికి పెద్దమనిషిని పెంచాను. స్టాఫ్ రూములో చెప్పినప్పుడు ఆయనకు తెల్ల షర్టు వచ్చింది. ఎనిమిదో తరగతిలో చెప్పినప్పుడు కళ్ళజోడు వచ్చింది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆయన ఇంగ్లీషు కూడా మాట్లాడాడు.

తొమ్మిదిలో ఆ నెల జాతీయాల పాఠం. అందులో 'గుడ్ సమారిటన్' ఉంది. అర్థం: ఆపదలో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి ఏమీ ఆశించకుండా సాయపడేవాడు. ఈ పాఠం నేను ఏళ్ళ తరబడి చెప్పాను. సమారిటన్ అన్నప్పుడు మొదటి అక్షరం పెద్దది రాయకపోతే అర మార్కు కోసేవాణ్ణి. డబ్బు తీసుకుని చేసే పనికి ఈ మాట వాడకూడదనీ, ఎవరికి వారు తమ గురించి వాడుకోకూడదనీ నొక్కి చెప్పేవాణ్ణి. ఇంతవరకు బాగానే ఉంది. ఈసారి నా సొంత ఉదాహరణ దొరికింది కదా, పెద్దమనిషిని బోర్డు మీదికి ఎక్కించాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మూడో బెంచీలో గౌడు బిడ్డ కూడా విన్నది. తల వంచుకుని రాసుకుంది. తండ్రి ఇంట్లో చెప్పి ఉండడులే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం కాబట్టి అనుకున్నాను.

స్టాఫ్ రూములో లెక్కల మేడమ్ నా ఎదురు కుర్చీలో కూర్చునేవారు. చర్చి దగ్గరి ఇళ్ళల్లో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ నాన్న కూడా టీచరే. నా కథ రెండోసారి విన్నాక ఆమె టిఫిన్ డబ్బా మూత పెడుతూ అన్నారు.

"సార్, మీ కథల మంచోడు మరీ మంచోడున్నడు."

"అంటే?"

"చిన్నప్పుడు చర్చిల మాకు ఈ కథ ఆదివారమాదివారం చెప్పేటోళ్ళు. దొంగలు కొట్టి పడేస్తరు ఒకాయన్ని. ముందు గుళ్ళె పెద్దలు వస్తరు, చూసి పక్కకెళ్ళి పోతరు. ఆగింది ఎవరంటే సమరయుడు, మీ సమారిటన్. అంటే ఆ పడ్డాయన వాళ్ళు ఇంట్లకు రానియ్యనోళ్ళు, మంచినీళ్ళు గూడ ముట్టనోళ్ళు. గదీ కథ. కారుల వచ్చినోడు, తెల్లబట్టలోడు, ఇంగ్లీషు మాట్లాడెటోడు మంచిగ చేస్తే దానికి కథెందుకు సార్?"

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

"ఇంకోటి సార్. 'నా పొరుగోడు ఎవరు' అని ఒకాయన అడిగితే ప్రభువు చెప్పిన కథ అది. మీరేమో ముక్కూమొహం తెల్వనోడు అని రాయిస్తున్నరు."

"పుస్తకంలో అట్లనే ఉంది మేడమ్."

"ఉంటది" అన్నారు ఆమె, డబ్బా సంచిలో పెట్టుకుని.

*

ఇప్పుడు మీకు మా బడిలో ఇన్‌స్పెక్షన్లు ఎలా జరిగేవో చెప్పాలి. పై నుంచి అధికారి వచ్చి ప్రశ్న అడిగితే క్లాసంతా చేయి ఎత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడిచేయి, రానివాళ్ళు ఎడమచేయి. అధికారికి చేతుల అడవి కనిపిస్తుంది. మేము మాత్రం కుడిచేయి ఎత్తినవాళ్ళనే లేపుతాం. ఇది నేను కనిపెట్టింది కాదు. నా సీనియర్లు నాకు నేర్పారు, నేను నా తర్వాతివాళ్ళకు నేర్పాను. మీరు నేర్చుకోకండి.

ఈసారి కూడా రిహార్సల్ చేయించాను. గౌడు బిడ్డను చూడగానే, "నువ్వు ఎడమచెయ్యి" అన్నాను. ఆ పిల్లకు ఇంగ్లీషు వస్తుందో రాదో ఒక్క ప్రశ్న అడిగి చూడలేదు. ఆ ఒక్క మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ రోజు జిల్లా నుంచి అధికారి వచ్చారు. బక్కగా, నెరిసిన మీసాలతో, నిద్ర మొహంతో ఉన్నారు. వెనుక కుర్చీలో హెడ్మాస్టరు, ఆయన ఒడిలో దరఖాస్తున్న కవరు. పాఠం అయ్యాక చాయ్ దగ్గర ఇవ్వాలని ఏర్పాటు. నేను పాఠం అద్భుతంగా చెప్పాను. అర్థం, వాడుక, పెద్దక్షరం, కారులో వచ్చిన పెద్దమనిషి, అన్నీ అయ్యాయి. చివర్లో, "మీకు తెలిసిన గుడ్ సమారిటన్ గురించి ఎవరు చెప్తరు?" అని అడిగాను. చేతుల అడవి లేచింది.

నేను ఒక కుడిచేతి వైపు వేలు చూపేలోగా అధికారి లేచారు.

"మీరాగుండ్రి సార్. నేను గూడ పంతులుగిరీ చేసి వచ్చినోణ్ణే. మూడో బెంచీ, ఎడమచెయ్యి. లే బిడ్డా."

గౌడు బిడ్డ లేచింది.

ఈ పిల్ల నోరు తెరిచి నిజం చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే పాఠం కాగానే దరఖాస్తు చేతులు మారుతుంది, వాళ్ళ దుకాణం పోతుంది. తండ్రి గురించి ఒక మంచిమాట చెప్పుకోవడానికి ఆ పిల్లకు దొరికిన చోటు అదొక్కటే. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. దరఖాస్తు ముచ్చట బడిలో ఎవరికి తెలియదు?

ఆ పిల్ల నా వైపు చూసింది. తర్వాత ఇంగ్లీషులో, ఒక్కొక్క మాట పేర్చుకుంటూ చెప్పింది. మా సారును కాపాడిన పెద్దమనిషి గుడ్ సమారిటన్, ఆయన తెల్ల షర్టు వేసుకున్నాడు, కారులో వచ్చాడు. ఒక్క తప్పు లేదు. నా అబద్ధాన్ని నాకంటే చక్కగా చెప్పింది.

"శాబాష్" అన్నారు అధికారి. "ఇంకేం చేసిండు ఆ పెద్దమనిషి? తెలుగుల చెప్పు, పర్వాలేదు."

ఆ పిల్ల నా కాళ్ళ వైపు చూసింది. "సార్ చెప్పు ఒకటి పొదలల్ల వడ్డది సార్. కొంచెం దూరం వొయ్యినంక యాదికొచ్చి మళ్ళ ఎనుకకు తిరిగి తెచ్చిండు. కోతులు ఎత్కవోతె సార్ ఒక్క చెప్పుతోని ఇంటికెట్ల వోతడని."

చెప్పు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాకే తెలియదు, ఆటో వెనక్కి తిరిగింది కూడా ఆ తల తిరుగుడులో తెలియలేదు. బెంచీ కింద పక్కపక్కన పెట్టిన రెండు చెప్పులు కళ్ళ ముందు కనిపించాయి. ఆ పిల్లకు మొదటిరోజు నుంచీ అంతా తెలుసు. తెలిసే బోర్డు మీది నా కథను రాసుకుంది. తెలిసే ఇప్పుడు నన్ను కాపాడుతోంది.

"కూర్చో అమ్మా" అన్నాను. "సార్, ఆ పెద్దమనిషి కారుల రాలే. తెల్ల షర్టు లేదు, ఇంగ్లీషు రాదు. నన్ను తెచ్చింది ఈ పిల్ల నాయిన. ఈ గోడ అవతల కల్లు దుకాణం గౌడు. కల్లు క్యాన్ల నడుమ పండవెట్టి తెచ్చిండు. వాసన వస్తే జనం తాగిండంటరని నేనే కారు పుట్టించిన."

వెనుక బెంచీలో ఎవరో ఫక్కున నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, అధికారి కూడా. గౌడు బిడ్డ మాత్రం బెంచీ మీద తల పెట్టుకుంది.

"ఇప్పుడు బాగుంది మీ కథ" అన్నారు అధికారి కళ్ళు తుడుచుకుంటూ. "ముందుది నేను నమ్మలే. నర్సాపూర్ రోడ్డు మీద కారు ఆపి ఇంగ్లీషు మాట్లాడెటోడు నాకింతవరకు కనవడలే."

చాయ్ దగ్గర హెడ్మాస్టరు గారు కవరు తీయాలా వద్దా అని నా వైపు చూశారు. నేనే చేయి చాపి తీసుకున్నాను.

"అందరి సంతకాలున్నయి, ఏమనుకుంటరు?" అని ఆయన గొణిగారు.

"దుకాణం బడికి అడ్డమే సార్, అందుల అబద్ధం లేదు. కానీ గౌడుకు ఒక్క మాట చెప్పకముందే పైకి రాసినం. ముందు నేను వొయ్యి అడుగుత" అన్నాను. లెక్కల మేడమ్ బిస్కట్ల పళ్ళెం నా ముందుకు జరిపారు. ఆమె అలా జరపడం అదే మొదటిసారి.

*

ఆ సాయంత్రం గోడ చుట్టూ తిరిగి దుకాణంలోకి వెళ్ళాను. నేను అడుగు పెట్టగానే లోపల కలకలం.

"అరేయ్, ఇంగ్లీషు సారొచ్చిండ్రా!"

బెంచీల మీద సగం మంది నా పాత విద్యార్థులే. గభాలున లేచి నిలబడ్డారు. ఒకడు సీసా వీపు వెనక దాచి, "గుడ్ ఈవినింగ్ సార్" అన్నాడు. బడిలో ఉన్నప్పుడు వాడి నోట ఆ ముక్క పలికించలేకపోయాను.

గౌడు భుజం మీది తువాలుతో స్టూలు తుడిచాడు. "కూసోండ్రి సార్. కాలెట్లుంది?"

"మంచిగైంది. నువ్వు తెచ్చినవని నేను ఎవరికీ చెప్పలే గౌడన్నా."

"ఎరికే. బిడ్డ చెప్పింది. నాకు తెల్ల అంగి తొడిగిండ్రట గద." తువాలు భుజాన వేసుకున్నాడు. "కారు ఏం కంపెనీదో గూడ చెప్పుండ్రి సార్, ఇంటిదాన్ని ఎక్కించుకొని తిప్పుత."

దుకాణమంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, అడగాలనుకున్నది అడిగాను.

"దరఖాస్తు రాసింది నేనేనని ఎరికేనా, ఆ రోజు?"

"ఎరుకలేకేం సార్? రోడ్డు మీద వడ్డోణ్ణి సంతకం జూసి లేపుతరా?"

తలుపు సంగతి ఎత్తాను. పిల్లలు వచ్చిపోయే దారి, పాటలు, పాఠాలు, అన్నీ చెప్పాను. ఆయన గేటు వైపు తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు కాసేపు చూశాడు.

"గీ ముచ్చట గోడ మీదికెల్లి ఒక్కసారి అన్నా అయిపోవు గద సార్. నా బిడ్డ గూడ గా బడిలనే సదువుతుంది. దర్వాజ ఎనుకకు వెడ్త. బడి ఇడిచిపెట్టినంకనే దుకాణం తీస్త. ఈ పాటలోణ్ణి మాత్రం నేను ఆపలేను, వాడు మీ దగ్గర సదువుకున్నోడే."

మాట నిలబెట్టుకున్నాడు. గేటు వైపు తలుపున్న చోట రేకు కొట్టి మూసేశాడు. మేము ఆ రేకు మీద పిల్లల చేత ఇంగ్లీషు అక్షరాలు రంగులతో రాయించాం. కుడిచేయి ఎడమచేయి రిహార్సల్ ఆ ఏటితో మానేశాను. తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్షన్లలో మా క్లాసులో చేతులు తక్కువే లేచాయి. ఎవరూ ఏమీ అనలేదు.

గుడ్ సమారిటన్ పాఠం రిటైరయ్యేదాకా చెప్పాను. కోతి, కల్లు నురగ, కంపౌండరు మాట, చెప్పు, ఏదీ వదల్లేదు. అర్థం కూడా కొంచెం మార్చి రాయించాను. ముక్కూమొహం తెలియని మనిషి అన్న చోట, మనం తెలుసుకోని మనిషి అని. పరీక్షలో అది సరిపోతుందో లేదో నాకు తెలియదు. నాకు ముక్కూమొహం తెలియనివాడు ఎక్కడో నర్సాపూర్ అడవిలో లేడు. గోడ అవతలే ఉన్నాడు, ఏళ్ళ తరబడి.

పదవీ విరమణ రోజున సభ బాగా జరిగింది. నా గురించి మంచిమాటలే చెప్పారు, చాలామటుకు అతిశయోక్తులు. దండలు, శాలువాలు, పిల్లలు ఇచ్చిన గోడ గడియారాలు ఒక గుట్ట అయ్యాయి. ఇంటికి ఎలా తీసుకెళ్ళాలా అని చూస్తుంటే గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది.

"కారు తెచ్చిన సార్, ఎక్కుండ్రి" అన్నాడు గౌడు.

ముందు సీటు ఖాళీగానే ఉంది. నేను వెనకే ఎక్కి, ఖాళీ క్యాన్ల మధ్య గడియారాలు పట్టుకుని కూర్చున్నాను. మెదక్ బజారంతా చూసింది. కొందరు నమస్తే పెట్టారు, కొందరు నవ్వారు. క్యాన్ల అడుగున మిగిలిన కల్లు ప్రతి గుంతకీ చిందుతూనే ఉంది.

ఇంటి ముందు దిగేసరికి మా ఆవిడ హారతి పళ్ళెంతో వాకిట్లో నిలబడి ఉంది. దగ్గరికి రాగానే ముక్కు ఎగబీల్చింది.

"ఇయ్యాల ఏమైంది? పడ్డరా, తాగిండ్రా?"

"రెండూ గాదు" అన్నాను. "గౌడు తోలుకొచ్చిండు."